మూడు విల్లులు, ఒకే కట్ట బాణాలు

ప్రశ్న: నమస్కారమండి. మాది గొల్లల మామిడాడ పక్కన పల్లెటూరు. మా కొబ్బరితోటలో చెట్ల వరసల మధ్య 20 మీటర్ల పైన ఖాళీ ఉంది, అక్కడే బాణాలు వేస్తుంటాను. ఏడాదిన్నర అవుతోంది. ముందు 35 పౌండ్ల (నారి లాగడానికి పట్టే బలం) టేక్‌డౌన్ రికర్వ్ కొన్నాను, అంటే కొసలు ముందుకి తిరిగి, ముక్కలుగా ఊడదీసుకునే విల్లు. కొన్నాళ్లకి 45 పౌండ్ల లాంగ్‌బో (పొడుగాటి సాదా విల్లు), మొన్న సంక్రాంతికి 40 పౌండ్ల హార్స్‌బో (గుర్రం మీంచి వేసే రకం పొట్టి విల్లు), నారి లాగే బొటనవేలి ఉంగరంతో సహా. బాణాలు మాత్రం మొదట్లో కొన్నవే మూడింటికీ వాడుతున్నాను. కార్బన్‌వి, 500 స్పైన్ (బాణం బిగువు అంకె), 28 అంగుళాలకి కోయించాను, మొన 100 గ్రెయిన్లు (బాణాల బరువు చెప్పే చిన్న కొలత). నాది కుడిచేతి వాటం, రికర్వ్ మీద నా డ్రా (నారి లాగే పొడవు) 27 అంగుళాలు. రికర్వ్‌తో బాణాలన్నీ కొంచెం ఎడమకి, లాంగ్‌బోతో బాగా ఎడమకి గుంపుగా పడుతున్నాయి. హార్స్‌బోతో కుడికి పోతున్నాయి. దాన్ని చెవిదాకా లాగాలన్నారని లాగుతుంటే మొన ఒక్కోసారి ఎడమచేతి మీదకి వచ్చేస్తోంది. "అర్జునుడికి గాండీవం ఒక్కటే, నీకు మూడెందుకురా, రెండు అమ్మెయ్" అంటున్నారు మా బావగారు. ఒక్కదానితోనే ఉంటే నాకు విసుగొస్తుంది. ఏది ఉంచుకోమంటారు? ఏవి అమ్మమంటారు? వానాకాలం వీటిని ఎలా దాచుకోవాలి?

జవాబు: కోదండరాముడి గుడి ఉన్న ఊరి పక్కనుంచి విల్లు గురించి ఉత్తరం వచ్చిందని ముచ్చటపడుతూ చదివాను. "మొన చేతి మీదకి వచ్చేస్తోంది" అన్న మాట దగ్గర ఆ ముచ్చట కాస్తా పోయింది. అందుకని మీరు అడిగినదాని కన్నా ముందు, మీరు మామూలు విషయంలా రాసేసిన ఆ సంగతి చూద్దాం.

హార్స్‌బో నారి ఈ రోజే దించి గోడకి తగిలించెయ్యండి. మూడు వేళ్లతో గడ్డం దగ్గరికో నోటి మూల దగ్గరికో లాగితే మీ డ్రా 27 అంగుళాలు. అదే మీరు బొటనవేలితో పట్టి చెవిదాకా, చెవి దాటించి లాగితే 30 అంగుళాలకి తేలిగ్గా పోతుంది. మీ బాణం పొడవు 28. అంటే పూర్తిగా లాగేసరికి బాణం మొన విల్లు దాటి లోపలికి, మీ పిడికిలి వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణంలో నారి వేలు జారిందా, బాణం విల్లు పక్కనుంచి కాకుండా మీ ఎడమచేతి బొటనవేలి మొదట్లోంచి పోతుంది. కార్బన్ అయితే విల్లుకి తగిలి చీలి, సన్నటి ముక్కలు కండలో దిగబడతాయి. వాటిని తియ్యడం డాక్టర్లకి కూడా తలనొప్పే. "ఒక్కోసారి" అని రాశారు చూడండి, ఆ ఒక్కోసారి చాలు. హార్స్‌బోకి మీ పూర్తి డ్రా కన్నా కనీసం రెండు అంగుళాలు పొడవున్న బాణాలు, అంటే 32 అంగుళాలవి వచ్చేదాకా దాని జోలికి వెళ్లకండి. ఈలోగా ఉంగరం అలవాటు చేసుకుందామని ఉత్త నారి లాగినా, లాగినది లాగినట్టే మెల్లగా ముందుకి దించాలి. బాణం లేకుండా నారి వదిలేస్తే ఆ శక్తంతా విల్లు కొమ్మలే (లింబులు) భరించాలి. విరిగిపోతాయి.

దాని గురించే ఇంకో మాట. 40 పౌండ్లని మీరు అనుకుంటున్న ఆ విల్లు మీ చేతిలో 40 కాదు. విల్లు మీద వేసే అంకె మామూలుగా 28 అంగుళాల దగ్గర కొలిచినది. అక్కణ్ణుంచి అంగుళం ఎక్కువ లాగితే రెండు, మూడు పౌండ్లు పెరుగుతుంది, తక్కువ లాగితే అంతే తగ్గుతుంది. ఈ లెక్కన మీ రికర్వ్ మీ చేతిలో 32, 33 పౌండ్లు. లాంగ్‌బో 42, 43. హార్స్‌బో 30 అంగుళాల దాకా లాగితే 45 దగ్గర తేలుతుంది. మూడింటిలో మధ్యదని మీరు కొన్నది నిజానికి అన్నింటికన్నా బరువైనది. దాన్ని అన్నింటికన్నా తక్కువ అలవాటున్న పట్టుతో లాగుతున్నారు.

ఇప్పుడు గురి సంగతి. "ఆడలేక మద్దెల ఓడు" అన్నారని ఎవరైనా దెప్పితే ఈసారికి పట్టించుకోకండి, మీ విషయంలో మద్దెల నిజంగానే ఓడు. చేతి తప్పు ఉంటే బాణాలు చెల్లాచెదురుగా పడతాయి. నారి వదిలేటప్పుడు చెయ్యి పక్కకి లాగేస్తే కుడిచేతివాళ్లకి ఎడమకి పోతాయి కానీ, ఒకటి బెత్తెడు, ఇంకోటి మూరెడు అన్నట్టు ఉంటాయి. మీవి గుంపుగా ఎడమకి పడుతున్నాయి. ఏడాదిన్నరకి గుంపు కుదిరిందంటే చెయ్యి బాగానే ఉన్నట్టు. బాణం కుదరలేదు.

స్పైన్ అంటే బాణం బిగువు. 28 అంగుళాల ఎడంలో రెండు ఆనికల మీద బాణం పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత కుంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె అది. మీ 500 బాణం అర అంగుళం కుంగుతుంది. 700 ది అంతకన్నా ఎక్కువ కుంగుతుంది. అంటే అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన. చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, పెద్ద అంకె గట్టిదనుకుని కొంటారు.

నారి వదిలినప్పుడు బాణం కర్రలా తిన్నగా పోదు. వెనకనుంచి తోపుడు పడగానే వంగి, విల్లుని చుట్టి పక్కకి తప్పుకుని, ఆ తర్వాత తిన్నబడుతుంది. మీ రికర్వ్‌కి బాణం ఆనే చోట కొయ్య దాదాపు మధ్యదాకా తొలిచి ఉంటుంది. చుట్టి రావలసింది తక్కువ కాబట్టి, బాణం మరీ గట్టిదైనా కొంచెమే ఎడమకి పోయి ఊరుకుంటుంది. లాంగ్‌బోకి అంత లోతుగా తొలవరు. నారికి ఎక్కించినప్పుడే బాణం ఎడమకి చూస్తూ ఉంటుంది. అది ఎక్కువ వంగాలి. వంగలేని బాణం చూస్తున్న వైపే పోతుంది. హార్స్‌బోకి అసలు తొలుపే లేదు. పైగా బొటనవేలి పట్టులో బాణం విల్లుకి కుడివైపున ఉంటుంది. అదే గట్టిదనం అక్కడ కుడికి తోస్తుంది. కొంచెం ఎడమ, బాగా ఎడమ, కుడి అంటూ మీరు మూడు సమస్యలు రాశారు. అవి మూడూ ఒక్కటే.

(హార్స్‌బో తెలిసినవాళ్లు బాణం వదిలే క్షణంలో ఎడమ మణికట్టు కాస్త తిప్పి విల్లుని దారిలోంచి తప్పిస్తారు. దాంతో గట్టి బాణం కూడా తిన్నగా పోతుంది. మీరు ఇప్పుడే అది మొదలుపెడితే బాణం తప్పేదో చెయ్యి తప్పేదో ఇక ఎప్పటికీ తేలదు.)

తేల్చుకోవడం చవకే. ఒక బాణానికి ఈకలన్నీ గీకెయ్యండి. రికర్వ్‌తో ముందు 10 మీటర్ల నుంచి, తర్వాత 15, 20 నుంచి, ఈకలున్నవి మూడు, లేనిది ఒకటి వెయ్యండి. ఈకలున్నవి గాలిలో తమను తాము దిద్దుకుంటాయి, ఉత్త బాణానికి ఆ వీలు లేదు. అది మిగతా వాటికి ఎడమన పడితే బాణం గట్టిది, కుడిన పడితే మెత్తనిది. మీది ఎడమనే పడుతుందని నా నమ్మకం. అప్పుడు కొత్త బాణాలకి పరిగెత్తకుండా 150, 200 గ్రెయిన్ల మొనలు రెండేసి తెప్పించి బిగించి చూడండి. ముందు బరువు పెరిగితే బాణం ఎక్కువ వంగుతుంది. ఆ పాటితో లాంగ్‌బోకి సరిపోయినా సరిపోవచ్చు. రికర్వ్‌కి చాలదనుకుంటాను. దానికి 700, 800 స్పైన్ల నడుమ చూసుకోండి, లాంగ్‌బోకి 600 నుంచి మొదలుపెట్టండి. కొన్నాక ముందే కోయించెయ్యకండి. పొడవున్న బాణం మెత్తగా ప్రవర్తిస్తుంది, కొద్దికొద్దిగా కోస్తూ బిగువు తెచ్చుకోవచ్చు. కోసేసినదాన్ని మళ్లీ అతికించలేం కదా.

బరువు కూడా చూడాలి. కొయ్య, ఫైబర్‌గ్లాస్ పొరల విల్లుకి పౌండుకి 9, 10 గ్రెయిన్ల లెక్కన బాణం బరువుంటే విల్లు సుఖంగా ఉంటుంది. 8 కన్నా తగ్గితే ఉత్త నారి వదలడానికి దగ్గరపడుతున్నట్టే. మీ లాంగ్‌బోకి ఆ లెక్కన 400 గ్రెయిన్లకి తగ్గకుండా, అంటే సుమారు 26 గ్రాములైనా ఉండాలి. మీకు తెలిసిన బంగారం కొట్టు ఉంటే కాటా మీద ఒక బాణం తూయించండి. ఇప్పుడున్నవి 23 గ్రాముల దగ్గర తూగినా నేను ఆశ్చర్యపోను. కొట్టాయన ఆశ్చర్యపోతాడేమో.

ఇక బావగారి గాండీవం. ఆయన్ని కాదనడం నాకిష్టం లేదు కానీ కథ ఆయన వైపు పూర్తిగా లేదు. గాండీవం అర్జునుడి చేతికి వచ్చింది ఖాండవ దహనం వేళ. మత్స్యయంత్రం కొట్టింది అంతకుముందే, ద్రుపదుడు సభలో పెట్టించిన వింటితో. అంతకుముందు ముట్టుకోని విల్లు అది. అయితే అప్పటికి ద్రోణుడి దగ్గర చెయ్యి కుదిరిపోయి ఉంది. మీకు పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది. గాండీవం ఒక్కటే రాలేదు, దానితోపాటు రెండు అక్షయ తూణీరాలు వచ్చాయి. విల్లుని దాని బాణాలతో కలిపే ఇచ్చారు.

కాబట్టి ఇప్పటికి ఒకటే పట్టుకోండి, అది రికర్వ్. ఒకటికే కట్టుబడటం గొప్ప నియమమని నేననను. మీ చెయ్యి ప్రస్తుతం నాలుగు సంగతులు ఒకేసారి నేర్చుకుంటోంది. నారి ముఖం మీద ఎక్కడ ఆనాలి, బరువు భుజం మీద కాకుండా వీపు మీద ఎలా పడాలి, వేళ్లు ఎలా వదలాలి, 20 మీటర్ల దగ్గర మొన గురికి ఎంత కింద కనిపించాలి. విల్లు మారితే ఈ నాలుగోది ఎలాగూ మారుతుంది. బాణం వేగం వేరు, బరువు వేరు. కానీ రికర్వ్ దించి లాంగ్‌బో పట్టేసరికి పిడి కూడా మారుతుంది. రికర్వ్ పిడి బొటనవేలి సందులో కూర్చుంటుంది, లాంగ్‌బో పిడి అరచెయ్యి మడమ మీద ఆనుతుంది. లాంగ్‌బోకి నారి కూడా విల్లుకి ఇంకాస్త దగ్గరగా ఉంటుంది, బాణం నారిని వదలడానికి ఆ మేరకు ఎక్కువ సేపు పడుతుంది. చెయ్యి కొద్దిగా కదిలినా ఆ అదనపు క్షణంలో తప్పు పెద్దదవుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. హార్స్‌బో మిమ్మల్ని పాడుచెయ్యదు, లాంగ్‌బోయే పాడుచేస్తుంది. బొటనవేలి పట్టు, కుడివైపు బాణం, చెవి దాటిన డ్రా, అంతా వేరే విద్య. చెయ్యి దాన్ని వేరుగానే దాచుకుంటుంది. రోజూ బైకు నడిపేవాడు ట్రాక్టర్ ఎక్కితే తికమకపడడు. క్లచ్ కాస్త గట్టిగా ఉన్న ఇంకో బైకు ఎక్కితేనే నాలుగు రోడ్ల మధ్యలో ఇంజను ఆపేస్తాడు. రికర్వ్, లాంగ్‌బో రెండింటికీ అవే మూడు వేళ్లు, అదే గడ్డం. తేడాలన్నీ చిన్నవి కావడం వల్లే ఒకదాని అలవాటు ఇంకోదాంట్లోకి జొరబడుతుంది. ఒకే సాయంత్రం ఈ రెండూ మార్చి మార్చి వెయ్యడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి, మీరు చేస్తున్నది అదేనని అనుమానం.

పోటీలకి వెళ్లే ఉద్దేశం ఉంటే ఈ చర్చే అక్కర్లేదు. మన దేశంలో రికర్వ్, కాంపౌండ్ (కొసల్లో కప్పీలున్న విల్లు), వెదురు విల్లుతో వేసే ఇండియన్ రౌండ్ అన్నీ వేరు విభాగాలు. ఏ విభాగమో ఆ విల్లే. బెజవాడ నుంచి వెళ్లిన ఇద్దర్నీ చూడండి. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చిన జ్యోతి సురేఖది కాంపౌండ్, 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్. ఒకరి దారిలోకి ఇంకొకరు రారు. ఆ స్థాయివాళ్లు పోటీకి రెండో విల్లు కూడా పట్టుకెళ్తుంటారు, కానీ అది మొదటిదానికి అచ్చు జోడీలా సరిచేసి ఉంచినది. మీ లాంగ్‌బో, హార్స్‌బో ఇండియన్ రౌండ్‌కి కూడా పనికిరావు.

ఎప్పటిదాకా ఒక్కటే అంటారా? 20 మీటర్ల నుంచి ఆరు బాణాలు భోజనం కంచమంత చోట పడాలి. ఒక్క రోజు పడితే లెక్కలోకి రాదు. వేడెక్కక ముందు వేసిన మొదటి ఆరు కూడా, తోటలో గాలి ఆడుతున్న పూట కూడా, వారం వారం పడుతూ ఉంటే అప్పుడు రెండోది దించండి. దించాక కూడా పంటకొకటిగా పెట్టుకోండి. సార్వా కాలమంతా ఒకటి, దాళ్వాకి ఇంకోటి. మార్చిన మొదటి వారం గురి చూడకండి, మూడు మీటర్ల దగ్గర నిలబడి గడ్డి బేలు మీదకి కళ్లు మూసుకుని బాణాలు వదలండి. చెయ్యి గుర్తు తెచ్చుకుంటుంది.

విసుగు మాటకొస్తే, "కొత్తొక వింత పాతొక రోత" అని మనవాళ్లు ఊరికే అనలేదు. మీకు విసుగొస్తున్నది విల్లు మీద కాదనిపిస్తోంది. ఎప్పుడూ అదే చెట్ల మధ్య, అదే 20 మీటర్లు, అదే బేలు. ఆ బేలు వదిలి, యూరియా సంచుల్లో పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు దట్టంగా కూరి నాలుగు చోట్ల, నాలుగు దూరాల్లో పడెయ్యండి. ఒకటి 8 మీటర్లలో, ఒకటి 17లో, ఒకటి కాలవ గట్టు మీద నిలబడి కిందకి. ప్రతి చోటా ఒక్క బాణమే, వెంటనే రెండోది వెయ్యకూడదు. మోకాలి మీద కూర్చుని వెయ్యండి. దాళ్వా కోత అయి చేలు ఖాళీగా ఉన్న రోజుల్లో, తెల్లవారుజామున పశువులూ మనుషులూ లేరని ఒకటికి రెండుసార్లు చూసుకుని, మట్టిగడ్డల మీదకి మొద్దు మొనల బాణాలు వేస్తూ తిరగండి. అదే విల్లు మీకే కొత్తగా కనిపిస్తుంది. ఇంకా కొత్తదనం కావాలంటే టేక్‌డౌన్ కాబట్టి మధ్య పిడి అలాగే ఉంచి, 40 పౌండ్ల లింబులు మాత్రం కొనుక్కోవచ్చు. అది కూడా గుంపు కుదిరాకే.

తోటలో వేసేవాళ్లకి ఒక జాగ్రత్త. కార్బన్ బాణం కొబ్బరి మానుకి తగిలి పక్కకి చిమ్మిందంటే దాన్ని మళ్లీ అలాగే ఎక్కుపెట్టకండి. రెండు చేతులతో పట్టి అన్ని వైపులా కాస్త వంచి చూడండి. చిటపట మన్నా, వేలికి గీత తగిలినా విరిచి పారెయ్యాలి. దాచుకుంటే ఎప్పుడో పొరపాటున చేతికొస్తుంది.

వానాకాలం గురించి మీరు భయపడినంత లేదు. ఫైబర్‌గ్లాస్ పొరలున్న విల్లుని తేమ అంతగా ఏం చెయ్యదు, మన ఎండాకాలమే దానికి శత్రువు. మధ్యాహ్నం కారులో వదిలేసినా, రేకుల షెడ్డు అటక మీద పెట్టినా పొరల మధ్య జిగురు మెత్తబడి, నారి ఎక్కించినప్పుడు విడిపోతుంది. వేసిన ప్రతిసారీ నారి దించండి. రికర్వ్‌కి నారి ఎక్కించడానికి తాడు స్ట్రింగర్ వాడండి, కాలి సందున పెట్టి వంచితే లింబు మెలితిరుగుతుంది. మూలన నిలబెట్టకుండా రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టండి. హార్స్‌బో మీద తోలు ఉంటే వానల్లో బూజు పడుతుంది, పొడిగుడ్డతో తుడిచి ఫ్యాను గాలి తగలనివ్వండి. నారికి తేనెమైనం. తడిసి పడుకున్న ఈకలని మరుగుతున్న నీళ్ల ఆవిరికి కాసేపు చూపిస్తే మళ్లీ లేచి నిలబడతాయి. అసలైన కొమ్ము, నరాలు, జంతువుల జిగురుతో చేసిన పాతకాలపు విల్లు అయితే మాత్రం మన డెల్టా చెమ్మకి నిలవదు, మీ ధరకి వచ్చినది అది అయ్యుండదు కాబట్టి నిశ్చింతగా ఉండండి.

అమ్మాల్సి వస్తే లాంగ్‌బో అమ్మండి, హార్స్‌బో ఉంచండి. వచ్చిన డబ్బుతో రికర్వ్‌కి తగిన ఆరు మెత్తటి బాణాలు, మిగిలితే హార్స్‌బోకి 32 అంగుళాలవి తెప్పించుకోండి. లాంగ్‌బో కొనుక్కునేవాళ్లు బాణాలు కూడా ఇమ్మని అడుగుతారు. ఇవి మాత్రం అంటగట్టకండి.